కుర్చీ లేని కంప్యూటర్

కంప్యూటర్ ల్యాబులు చూసుకునే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు, మీ రోజుల్లో సర్వర్ ఎలా తయారు చేసేవారో రాయమని అడిగారు. అందులో మెమరీ ఎంత, డిస్కు ఎంత అన్న సంగతితో మొదలుపెడతానని అనుకున్నారేమో. ఆ అంకెలు చెబితే నవ్వుతారు. మీ ఫోనులో ఉన్న ఒక్క ఫొటో తెరవమంటే చాలు, మా సర్వర్ చేతులెత్తేసేది. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో కూడా రాయను. ఆ లెక్క మా ఆవిడకు బాగా తెలుసు, కావాలంటే ఆమెనే అడగండి.

సర్వర్ తయారు చేయడం నాలుగు రోజుల పని. దాన్ని మర్యాదస్తుల నుంచి కాపాడుకోవడం ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చేయవలసిన పని. దొంగల నుంచి తాళం కాపాడుతుంది. మర్యాదస్తుల నుంచి కాపాడే తాళం ఇంకా రాలేదు.

పుస్తకం చదివినందుకు

మాది చొప్పదండి. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు నా అద్దె గదిలో ఫ్యాను లేదు, లైబ్రరీలో ఉంది. నా చదువులో ముఖ్యమైన భాగమంతా ఆ ఫ్యాను కిందే జరిగింది. అక్కడ కంప్యూటర్ల మీద ఒకే ఒక్క పుస్తకం ఉండేది. ముందు అట్ట ఊడిపోయి, మొదటి కొన్ని పేజీలు లేకుండా ఉండేది. కంప్యూటర్ అంటే ఏమిటో చెప్పే పేజీలు అవేనట. అందుకని కంప్యూటర్ అంటే ఏమిటో తెలియకుండానే అది ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నాను. లైబ్రేరియన్ గారు "మల్ల గిదేనా?" అంటూనే ముద్ర వేసి ఇచ్చేవారు. నేను తప్ప ఆ పుస్తకాన్ని ఇంకెవరూ తీసుకోలేదని వెనక అట్ట మీది ముద్రలే చెప్పేవి. ఆ సంగతి ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

తర్వాత ఆదిలాబాద్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. తొంభైల మొదట్లో ఆ కాలేజీకి కంప్యూటర్ కోర్సు వచ్చింది. దాన్ని ఎవరు చూసుకుంటారని స్టాఫ్ మీటింగులో అడిగితే అందరూ కిటికీలోంచి బయటకు చూశారు. కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన నా వైపు చెయ్యి చూపించి, "మధుకర్‌కు ఇయ్యుండ్రి సార్. ఎప్పుడు సూసిన గా పుస్తకాలే సదువుతుంటడు" అన్నాడు. చదువు మనిషిని పైకి తెస్తుందో లేదో గాని, ఇరికిస్తుందని మాత్రం ఆ రోజు తెలిసింది.

మొదట్లో వచ్చినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని కంప్యూటర్లు. పిల్లలు ఎవరి పాఠం వాళ్ళు ఫ్లాపీలో ఇంటికి తీసుకెళ్ళి, మర్నాడు మళ్ళీ తెచ్చుకునేవారు. ఆదిలాబాద్‌లో పత్తి సీజన్ మొదలైతే జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు లేచి ఊరంతా తిరుగుతుంది. టీలో పడుతుంది, మీసాల్లో పడుతుంది, ఫ్లాపీలో పడుతుంది. నూగు నుంచి కాపాడుకుందామని ఎస్తేరు అనే అమ్మాయి తన ఫ్లాపీని టిఫిన్ డబ్బా పక్కన భద్రంగా పెట్టుకొచ్చింది. నూగు పడలేదు గాని మామిడికాయ పచ్చడి నూనె పడింది. "సార్, నా ప్రోగ్రాం ఊరినట్టున్నది" అంది. ఎంత నష్టం వచ్చినా ముందు ఒక మాట విసిరి, తర్వాత బాధపడే రకం ఆ పిల్ల.

రెండూ అయిపోతాయి

ఈ ఫ్లాపీల బాధ పోవడానికే నెట్‌వర్క్ తెప్పించారు. వచ్చిన పది కంప్యూటర్లలో సొంత డిస్కు లేదు. పదింటినీ ఒకే కేబుల్ మీద గుచ్చి, వాటికి కావలసిన ప్రోగ్రాములూ పిల్లల పాఠాలూ అన్నీ పదకొండో కంప్యూటర్‌లో పెట్టాలి. ఆ పదకొండోదే సర్వర్. ఎవరు ఏది అడిగితే అది అందిస్తుంది. అది పలకకపోతే మిగతా పదీ ఉత్త గాజు తెరలు.

సర్వర్ రెండు రకాలుగా ఉండవచ్చు. అందించడం తప్ప మరో పని పెట్టుకోనిది ఒకటి, దాన్ని డెడికేటెడ్ సర్వర్ అంటారు. లోపల అందిస్తూనే పైన ఎవరో ఒకరు కూర్చుని సొంత పని చేసుకోవడానికి వీలిచ్చేది రెండోది. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇటుకల్లాంటి మాన్యువళ్ళు వచ్చాయి. నేను వాటి ప్లాస్టిక్ కవరు కోసి వరసగా చదివాను. రెండో రకం పెట్టుకోవద్దనే వాటి సలహా.

బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు కృష్ణా జిల్లా కుర్రాడు. నేను మాన్యువల్ తీసి చూపిస్తే చాలా సేపు నవ్వాడు. వాటిని తెరిచిన మనిషిని తన సర్వీసులో మొదటిసారి చూస్తున్నాడట. ఇంతలో మా ప్రిన్సిపాల్ నరసింగరావు గారు వచ్చి, అన్నిటికంటే పెద్ద కంప్యూటర్ ఏదని అడిగారు. అది సర్వరే. రంగుల తెర ఉన్నదీ దానికొక్కదానికే. మిగతా పదింటివీ నలుపూ తెలుపూ తెరలు. దాన్ని తన గదిలో పెట్టమన్నారు. ఆ రోజుల్లో ఏ ఆఫీసులోనైనా పద్ధతి అదే. కొత్త ఫ్యాను వస్తే పెద్దాయన గదిలోకి, కొత్త కుర్చీ వస్తే పెద్దాయన గదిలోకి. కూలరైతే అడగనే అక్కర్లేదు.

నేను నోరు తెరిచేలోగా ఇంజనీరు, "మీరేం ఆలోచించకండి సార్. దీని మీద మీ పని మీరు చేసుకోండి, లోపల సర్వర్ దాని పని అది చేసుకుంటుంది. రెండూ అయిపోతాయి" అని గోడకు బెజ్జం కొట్టి కేబుల్ లాగేశాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఈ వృత్తిలో 'రెండూ అయిపోతాయి' అనే వాళ్ళు ఎప్పుడూ సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారు. ఆ రెండింటితో మిగిలేది మనం.

జీపు ఉంటేనే క్లాసు

నరసింగరావు గారిది భూములున్న కుటుంబం. చెయ్యి పెద్దది, కోపం చిన్నది. ఆ కంప్యూటర్‌లో ఆయనకు నచ్చినది ఒక్కటే, పైనుంచి రాలే ఇటుకలను గోడలా పేర్చే ఆట. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేటప్పుడు కరెంటు దండగని కంప్యూటర్ ఆపి, గదికి తాళం వేసి, జీపెక్కేవారు. అటు జీపు గేటు దాటేది, ఇటు ల్యాబులో పది తెరలూ బిగుసుకుపోయేవి. డిస్కు మధ్యలో ఆగడంతో పిల్లలు అంతవరకూ రాసి దాచుకున్నది కూడా గాలికి పోయేది. ఆయన మీటింగుకు పోతే మాకు సెలవు. జిల్లా ఆఫీసులో పని పడితే మాకు మూడు రోజుల సెలవు. పిల్లలు టైంటేబుల్ చూడడం మానేసి జీపు చూడడం మొదలుపెట్టారు.

ఆయన గదిలోనే ఉన్నా గండం తప్పేది కాదు. ఆట బిగుసుకుపోతే దానితో పాటు సర్వర్ కూడా బిగుసుకుపోయేది. ల్యాబులో ఒక్కసారిగా అన్నీ ఆగిపోతే, నేను కారణం వెతికేలోగా ఎస్తేరు చెప్పేది.

"ప్రిన్సిపాల్ సార్ ఔటయినట్టున్నడు సార్."

క్లాసంతా నవ్వేది. ఆమె మాత్రం ఎక్కువసేపు నవ్వేది కాదు. దానికి కారణం ఉంది. ఆ కోర్సులో వాళ్ళదే మొదటి బ్యాచ్. చివరి ప్రాక్టికల్ పరీక్షలు మా కాలేజీలో జరగాలంటే, పరీక్షల బోర్డు మనిషి వచ్చి ల్యాబు సరిగ్గా నడుస్తోందని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అందరూ కరీంనగర్ వెళ్ళి రాయాలి. మగపిల్లలకు అది సంతోషమే, అక్కడ సినిమా హాళ్ళు ఎక్కువ. ఎస్తేరు ఆదిలాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుతోంది. తండ్రి ప్రభుదాసు ఆసిఫాబాద్‌లో దర్జీ, ఆదివారాలు చర్చిలో పాటలు పాడిస్తాడు. ఆయన కూతురితో ఒకే మాట అన్నాడట. "ఆదిలాబాద్‌ల అయితె రాయి బిడ్డా. కరీంనగర్‌ల మనకు ఎవ్వరున్నరు? ఎవలింట్ల ఉంటవు? వచ్చే ఏడు సూద్దాం." వచ్చే ఏడు అంటే ఏమిటో ఎస్తేరుకు తెలుసు. ఇంట్లో రెండో కుట్టుమిషను నూనె వేసి సిద్ధంగా ఉంది.

నేను ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేముందు ఒక మంచి పోలిక తయారు చేసుకున్నాను. పెళ్ళిలో వడ్డించేవాడు మధ్యలో తనూ విస్తరి వేసుకుని కూర్చుంటే బంతి ఏమవుతుంది సార్, సర్వర్ కూడా అంతే, అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే వడ్డించెటోని కోసం నన్ను బంతిల కెల్లి లెవ్వమంటున్నవు" అన్నారు.

అక్కడితో ఆ పోలిక సమాప్తం. పెద్దవాళ్ళను పోలికలతో గెలుద్దామని చూడకండి. వాళ్ళు పోలికలోకి దూరి మంచి చోటు చూసుకుని కూర్చుంటారు.

"అన్నిట్ల కంటె మంచి మిషిన్, దాని ముంగట ఎవ్వరు కూసోవద్దంటవు. మరి గది కొన్నదెందుకయ్యా, మొక్కనీకా?" అని కూడా అడిగారు. నిజానికి అది తెలివైన ప్రశ్న. డెడికేటెడ్ సర్వర్ గురించి అడగవలసిన ప్రశ్న అదే. జవాబు నాకు తెలుసు గాని, ఆయనకు తగిలేలా చెప్పడం రాలేదు.

చెప్పింది ఎస్తేరు. బోర్డు మనిషి వచ్చే రోజు ఖాయమైందని తెలిసి, ఆమెను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన ఆటను మధ్యలో ఆపి, నువ్వేం ప్రోగ్రాం రాస్తున్నావమ్మా అని ఆప్యాయంగా అడిగారు. దవాఖానాలో మందులు ఎన్ని వచ్చాయి, ఎన్ని అయిపోయాయి అని చూసే ప్రోగ్రాం అని చెప్పింది.

"ఎంత దాక వచ్చింది?"

"మీరు బువ్వకు పొయ్యేదాంక వస్తది సార్. మల్ల మొదటి నుంచి రాస్త."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోందని నన్ను అడగలేదు, ఆమెనే అడిగారు. మొదటి నుంచి అని చెప్పింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు బువ్వకు పోతుంటె ఎట్ల ఆపుతం సార్?"

నేను మాన్యువళ్ళలో చదివినదంతా ఈ ఒక్క మాట ముందు దిగదుడుపే. ఆయన తెర వైపు తిరిగారు. ఇటుకలు సగం గోడలో ఆగి ఉన్నాయి. తర్వాత అసలు బాధ బయటపెట్టారు. ఎవరో పెద్దలు వస్తుంటారు, కాలేజీ కంప్యూటర్ చూపించమంటారు. ఖాళీ బల్ల చూపించాలా?

ఆ కాలంలో కంప్యూటర్ అంటే అందరికీ టీవీలాంటి తెరే. కింద ఉన్న పెట్టెను దాని పీట అనుకునేవారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సర్వర్‌కు రంగుల తెర అక్కర్లేదు. రంగుల తెర ఇక్కడే ఉంచుతాను, దాని కింద వేరే చిన్న కంప్యూటర్ పెడతాను, దాన్ని కూడా కేబుల్‌తో సర్వర్‌కు కలుపుతాను. ఈ పెట్టె ఒక్కటి తీసుకెళ్తాను.

"మరి ఇటుకలు?"

"ఉంటయి సార్."

"అయితె కొంచవో" అని పెట్టె తీసుకెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు.

చీకటి గదిలో కాపురం

సర్వర్‌ను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. ఫిజిక్స్ వాడిని కాబట్టి నాకు వెంటనే తట్టింది, కాంతి ప్రయోగాలు చేసే డార్క్ రూం. కిటికీలు లేవు, గోడలకు నల్లరంగు, తలుపుకు రెండు తెరలు. పత్తి నూగు కూడా దారి అడగకుండా అందులోకి రాలేదు.

తయారీ ఇలా సాగింది. ముందుగా, కరెంటు తేడా వస్తే భూమిలోకి పోయేలా ఎర్తింగ్. భవనం వెనక గొయ్యి తవ్వించి, రాగి పలక దించి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా నింపించాను. ఆ మట్టి తడిగా ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి రోజూ ఒక కుండెడు నీళ్ళు పోయాలి. ఆ పని అటెండర్ లచ్చన్నది. మొలక వస్తే చెబుతానని వెక్కిరించేవాడు గాని, ఒక్క రోజు కూడా మానలేదు. సాయంత్రం అన్ని గదులూ మూసి మెయిన్ స్విచ్ దించడం కూడా లచ్చన్నకు ఎన్నో ఏళ్ళ అలవాటు. అలవాటు మాన్పించే బదులు, సర్వర్‌కు ఆ స్విచ్‌తో సంబంధం లేని వేరే వైరు వేయించాను. మనుషుల అలవాటుకూ యంత్రం అవసరానికీ తగువు వచ్చినప్పుడు వైరు మార్చడం తేలిక. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గాలి లోపలికి పోయే సందుకు పాత పంచె ముక్క కట్టి, రోజూ విప్పి దులిపేవాణ్ణి. డిస్కును చెరిపి, అంగుళం అంగుళం పరీక్షించే ప్రోగ్రాం పెట్టాను. అది మొదలుపెడితే మర్నాటికి గాని ముగియదు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. ఆదిలాబాద్‌లో కరెంటు పోకుండా ఉండే రోజు కోసం ఎదురుచూస్తే నేను ఆ గదిలోనే రిటైరయ్యేవాణ్ణి. అందుకని కరెంటు పోయినా యంత్రాన్ని నడిపించే యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు వేయించాను. తర్వాత ఒక్కొక్క విద్యార్థికీ ఒక పేరు, ఒక రహస్య పదం, తన పాఠాలు తప్ప ఇంకెవరివీ కనిపించని ఒక అర ఏర్పాటు చేశాను. రహస్య పదం ఎవరికీ చెప్పొద్దంటే మగపిల్లలు సగం మంది ఒకే హీరో పేరు పెట్టుకున్నారు. వాళ్ళ రహస్యం ఊరికంతా తెలిసినదే.

చివరి పని కుర్చీ తీసేయడం. డార్క్ రూంలో ఒక్క కుర్చీ కూడా లేకుండా చేశాను. కీబోర్డు పీకి బీరువాలో పెట్టాను. మన దగ్గర ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు, ముందు కీబోర్డు ఉంటే ఏదో ఒకటి నొక్కుతారు. డెడికేటెడ్ సర్వర్ అంటే ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా నిర్వచనం ఇదే, కుర్చీ లేని కంప్యూటర్.

బోర్డు నుంచి వచ్చిన పెద్దమనిషి

ఆయన సఫారీ సూట్లో వచ్చారు. మాట తక్కువ. ఆయన కంటే ముందే ప్రభుదాసు ఆసిఫాబాద్ బస్సు దిగి, వరండాలో ఒక సంచి పట్టుకుని కూర్చున్నాడు. మా కాలేజీకి పరీక్ష సెంటర్ రాకపోతే కూతుర్ని అట్నుంచి అటే తీసుకుపోవడానికి. ఎస్తేరు తండ్రి వైపు చూడకుండా ల్యాబులోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు ఏ మాటా విసరలేదు.

బోర్డు పెద్దమనిషి ల్యాబు చూశారు, తల ఊపారు, సర్వర్ ఎక్కడన్నారు. డార్క్ రూంలోకి తీసుకెళ్ళాను. నల్లగోడల మధ్య పంచె ముక్క కట్టుకుని చిన్నగా మూలుగుతున్న పెట్టెను చూసి, ఇదేనా అన్నట్టు నా వైపు చూశారు. కుర్చీ తెప్పించమన్నారు. కీబోర్డు కూడా. తాను కూర్చుని స్వయంగా చూస్తానన్నారు.

మా ఊళ్ళో అధికారి కుర్చీ అనకముందే కుర్చీ వస్తుంది. లచ్చన్న ప్రిన్సిపాల్ గారి గదిలోని మెత్తటి కుర్చీని ఎత్తుకుని అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. అటు ల్యాబులో పిల్లలందరూ ప్రోగ్రాముల మధ్యలో ఉన్నారు. ఈయన ఒక్క మీట తప్పు నొక్కితే అంతా పోతుంది, సెంటర్ కూడా పోతుంది. కూర్చోవద్దంటే కోపంతో పోతుంది. డిమాన్‌స్ట్రేటర్ నోటి నుంచి రాదగిన మాట కాదది. నేను ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను.

"దీని ముంగట ఎవ్వరు కూసోరు సార్" అన్నారాయన. "నేను గూడ కూసోను."

"ప్రిన్సిపాల్ మీరు. మీరే కూర్చోరా?"

"కూసున్న సార్. నేను కూసున్నన్ని దినాలు గా పిల్లలకు సదువు బందయ్యింది. నా రూంల రంగుల కంప్యూటర్ ఉన్నది, రాండ్రి, చాయ్ తాగుకుంట అండ్ల అంత సూడొచ్చు."

లచ్చన్న కుర్చీతో వెనక్కి తిరిగాడు. వెనక మేమందరం. ప్రిన్సిపాల్ గది నుంచి నేను సర్వర్‌లోకి వెళ్ళి, పిల్లలు రాస్తున్నవి ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. ఎస్తేరు మందుల ప్రోగ్రాం దగ్గర బోర్డు పెద్దమనిషి ఆగి, పూర్తిగా చదివారు. తర్వాత అడగనే అడిగారు.

"ఇప్పుడు ఈ కంప్యూటర్ ఆపేస్తే ల్యాబు ఏమవుతుంది?"

నేను జవాబు కూర్చుకునేలోగా నరసింగరావు గారు చెయ్యి చాపి స్విచ్ నొక్కారు. భోజనానికి పోయేటప్పుడు రోజూ నొక్కిన చెయ్యే. రంగుల తెర చిన్న చుక్కై ఆరిపోయింది. "నడువుండ్రి సూద్దాం" అని లేచారు.

ఆ వరండా ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది. వైరింగ్ నేనే వేయించాను, పరీక్షలు నేనే చేశాను, మాన్యువళ్ళు రెండుసార్లు చదివాను. అయినా ఏ వైరు ఎక్కడ కలిపించానో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ నడిచాను. ప్రభుదాసు మమ్మల్ని చూసి సంచితో సహా లేచి నిలబడ్డాడు. ల్యాబు తలుపు ఇంకా దూరంలో ఉండగానే లోపలి నుంచి కీబోర్డుల చప్పుడు వినిపించింది, రేకుల మీద జల్లు పడుతున్నట్టు. ఆగలేదు. మేం గుమ్మంలో నిలబడ్డా ఎవరూ తల ఎత్తలేదు.

బోర్డు పెద్దమనిషి ఒక నిమిషం విన్నారు. పరీక్షలు ఇక్కడే జరుపుకోవచ్చునని చెప్పి భోజనానికి బయల్దేరారు.

ప్రిన్సిపాల్ గారే వరండాలోకి వెళ్ళి ప్రభుదాసుకు చెప్పారు. "మీ బిడ్డకు పరీక్ష ఈడనే. ఇగ నువ్వు ఒక్కనివే పో." ప్రభుదాసు దండం పెట్టాడు. తర్వాత మొహమాటపడుతూ, అందరూ చెప్పుకునే ఆ పెద్ద కంప్యూటర్‌ను ఒకసారి చూడవచ్చా అని అడిగాడు. వచ్చిన ప్రతివాణ్ణీ గదికి తీసుకెళ్ళి చూపించే మనిషి కదా, ఇప్పుడూ రంగుల తెర దగ్గరికే తీసుకెళ్తారని నేననుకున్నాను. ఆయన ప్రభుదాసును డార్క్ రూం దగ్గరికి నడిపించారు. తలుపు జానెడు తెరిచారు. ఒక తెర జరిపారు, రెండో తెర జరిపారు. ప్రభుదాసు మెడ చాచి లోపలికి చూశాడు.

"సూసినవా? ఇగ జరుగు జర, నూగు లోపటికి వోతది" అని ఆయన తలుపు మూసేశారు.